లంకలకోడేరు స్టేషనూ, ఆ మినపరొట్టీ

భీమవరంలో లాడ్జివాడు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఫోన్లో "నాన్ ఏసీ తొమ్మిది వందలండీ, ఇరవై నాలుగు గంటలు" అన్నాడు. రాత్రి ఎనిమిదింటికి దిగాం. పొద్దున్న తొమ్మిదిన్నరకి తాళం ఇస్తుంటే "చెకౌట్ ఎనిమిదికేనండి, సగం రోజు కట్టాలి" అని ఇంకో 450 గుంజాడు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద అంకె గీసిచ్చాడు. మామయ్య గట్టిగా నిలదీయబోతే, రైలు పోతుందని నేనే ఆపాను. దాంతో ఆయన స్టేషను దాకా నాతో మాట్లాడలేదు. మీరెవరైనా వెళితే, డబ్బు ఇచ్చేముందే చెకౌట్ టైము రసీదు మీద రాయించుకోండి.

జంక్షన్లో నరసాపురం పాసింజరు ఎక్కాం. టికెట్టు పది రూపాయలు. పెన్నాడ అగ్రహారం, శృంగవృక్షం, వీరవాసరం దాటాక లంకలకోడేరులో దిగాం. మాతోపాటు దిగింది ఖాళీ పూలబుట్టతో ఒకావిడ మాత్రమే. రైలు వెళ్లిపోయాక తీగల మీద పిట్టలు, దూరంగా రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే చక్రాలు తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. డబుల్ లైను, కరెంటు వచ్చినా ఆ నిశ్శబ్దం పోలేదు. నాకు కావలసింది అదే.

మామయ్యకి మాత్రం ఆకలి. "ఇక్కడేం దొరుకుతుందిరా?" అని విసుక్కున్నాడు. పూలావిడే దారి చూపించింది. రోడ్డు మీద పాక, నిప్పుల మీద మూకుడు, మూకుడు మూత మీద కూడా నిప్పులు. మూత తీస్తే మినపరొట్టి బొద్దుగా పొంగి ఉంది. అట్లకాడతో అంచు లేపి చూపించింది ముసలమ్మ: అడుగు ఎర్రగా, కరకరలాడేట్టు కాలింది. నాలుగు ముక్కలుగా కోసి, గిన్నెడు చెరుకు పానకం పోసింది. "ముంచుకు తినండి బాబూ, చల్లారితే బాగోదు." నలభై రూపాయలు. లోపల దూదిలా మెత్తగా ఉంది. మామయ్య రెండోది చెప్పాడు, మూడోది పార్శిల్ కట్టించాడు. లాడ్జి మాట మళ్లీ ఎత్తలేదు.

తర్వాత పాలకొల్లు వెళ్లి క్షీరారామం శివాలయం చూశాం. అక్కడి నుంచి ఆఖరి స్టేషను నరసాపురం. అవతల వశిష్ఠ గోదావరి. ఇక్కణ్ణుంచి కోనసీమ మీదుగా కోటిపల్లి దాకా 57 కిలోమీటర్ల లైను వస్తే, గోదావరి పాయలు వశిష్ఠ, వైనతేయ, గౌతమి మూడూ రైల్లోనే దాటొచ్చు. ఆ రోజు కోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను.

రెండు బండ్ల మధ్య గంటలకొద్దీ విరామం ఉంటుంది, తిరుగు రైలు టైము ముందే అడిగి పెట్టుకోండి. నీళ్లు వెంట తీసుకెళ్లండి. తిండి మాత్రం మోసుకెళ్లకండి.