తలకోనలో రెండు గంటల నలభైకి ఆగిన గాలి

తలకోన పక్కన నెరబైలు దగ్గర మామిడి తోట ఉన్నాయన్ని ఫోన్లో మూడుసార్లు అడిగాను, కరెంటు ఉంటుంది కదా అని. "ఉంటుంది సార్, దానికేం" అన్నాడు మూడుసార్లూ. అబద్ధం చెప్పలేదు పాపం. సాయంత్రం కారు వెనక లాక్కొచ్చిన ట్రైలర్ నిలిపి, వైరు పట్టుకుని మోటారు షెడ్డు దగ్గరికి వెళ్తే తెలిసింది, అది వ్యవసాయం లైను అని. పగలు 9 గంటలు ఇస్తారు, పొద్దు వాలాక ఉండదు. "రాత్రిపూట మోటారుతో మీకేం పని సార్?" అన్నాడు, నిజంగానే అర్థం కాక.

నాకు మోటారుతోనే పని. కాకపోతే అది అరచేతిలో పట్టేంత మోటారు. మంచం పక్కన కూర్చుని రాత్రంతా ముక్కులోకి గాలి ఊదుతుంది. స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు అని తేలిన నాలుగేళ్ల నుంచి సీప్యాప్ అనే ఈ మెషిన్ లేకుండా నేను పడుకున్న రాత్రులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో రెండు తిరుమల కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నవే, వాటిని పడుకోవడం అనకూడదు. తిరుపతిలో ఉంటూ ఇన్నేళ్లలో తలకోనలో ఒక్క రాత్రి గడపలేదంటే కారణం ఈ మెషినే. ఈసారి సంక్రాంతి వెళ్లాక మా బామ్మర్ది బెంగళూరు నుంచి ఇద్దరు పడుకునే చిన్న ట్రైలర్ అద్దెకు తెచ్చాడు. తను టెంట్ వేసుకుంటానని, కారు వెనక తగిలించుకుని పోదామని అన్నాడు. "బ్యాటరీ ఉంది, ఇన్వర్టర్ ఉంది, పైన సోలార్ ప్లేటు ఉంది, ఇంకేం కావాలి బావా" అన్నాడు. నేనూ నమ్మాను.

భాకరాపేట ఘాట్ దాటి కుడికి తిరిగితే తలకోన దారి. జలపాతం 270 అడుగులు. జనవరిలో నీళ్లు సన్నగానే పడతాయి గానీ, ఆ చెట్ల కింద నడక కోసమైనా వెళ్లాలి. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర కోతులతో జాగ్రత్త. మా ఆవిడ చేతిలోని కొబ్బరి చిప్పను ఒకటి చాలా మర్యాదగా లాక్కుపోయింది. రాత్రి తోటలో రాగి సంకటి, ఊరుబిండి, నాటుకోడి పులుసు పెట్టారు. భోజనం విషయంలో ఆ తోటకు వంక పెట్టలేను.

పదింటికి మాస్క్ తగిలించుకుని పడుకున్నాను. మెషిన్ ప్లగ్గు ఇన్వర్టర్‌లో ఉంది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది, బుల్లి ఫ్రిజ్ ఆడుతోంది. రెండు గంటల నలభైకి ఇన్వర్టర్ కీచుమని అరిచింది. నేను లేవలేదు. తర్వాత గాలి ఆగింది, అప్పుడు లేచాను. మాస్క్ ముక్కుకే కాబట్టి నోటితో పీల్చుకోవచ్చు, ప్రాణం మీదికేం రాదు. కానీ మత్తులో ఉన్న మనిషికి ఆ సంగతి గుర్తుండదు. ముక్కు మీద దిండు పెట్టి నొక్కినట్టనిపించింది. మాస్క్ పీకి పారేసి కూర్చునేసరికి మా ఆవిడ టార్చి పట్టుకుని, "ఏమండీ, ఏమైంది, పోదామా ఇంటికి?" అంటోంది. తెల్లారేదాకా ఇద్దరం కుర్చీలేసుకుని చలిలో కూర్చున్నాం. ఆ నక్షత్రాలు బాగున్నాయని అప్పుడు చెప్పుంటే కొట్టేదాన్ని.. అని తర్వాత ఆవిడే అంది.

పొద్దున బ్యాటరీ మూత తీసి చూస్తే అసలు కథ బయటపడింది. "కొత్త బ్యాటరీ సార్" అన్న ట్రైలర్ ఓనర్ మాట అటుంచితే, దాని మీది స్టిక్కర్ ప్రకారం వయసు మూడేళ్లు దాటింది. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), 12 వోల్టులు, అంటే కాగితం మీద 1200 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ కాబట్టి సగం మించి వాడకూడదు. ఆ వయసుకు ఆ సగం కూడా పూర్తిగా రాదు. సోలార్ ప్లేటు 100 వాట్లదే గానీ మామిడి చెట్ల నీడలో దానికి మిగిలేది అలంకారమే. కారు నుంచి ఛార్జింగ్ అవుతుందన్న వైరు వేలెడు మందం కూడా లేదు, తిరుపతి నుంచి తలకోన దాకా అందులో వచ్చింది ఏ మూలకూ చాలదు. పగలు మోటారు లైనులో పెట్టుకోమన్నాడు తోటాయన. రైతుకు ఉచితంగా ఇచ్చే కరెంటు మా ఫ్రిజ్‌కి తాగించడం నాకు నచ్చలేదు. ఇంటికి వచ్చేశాం.

ఇంట్లో చేసిన పని ముందే చేసుంటే ఆ రాత్రి మిగిలేది. గోడ ప్లగ్గుకీ మెషిన్‌కీ మధ్య పెట్టే చిన్న కరెంటు మీటరు ఒకటి కొన్నాను. నీళ్లు వేడిచేసి గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్, వేడి గొట్టం రెండూ పెట్టుకుని ఏడు గంటలు పడుకుంటే 0.24 యూనిట్, అంటే 240 వాట్ అవర్లు అయింది. రెండూ ఆపేసి పడుకుంటే 0.06. గాలి ఊదడానికి మెషిన్ తినేది చాలా తక్కువ, నీళ్లు కాచడానికే మూడొంతులు పోతోంది. ఇక ఇన్వర్టర్ ఉందే, అది ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 15 వాట్లు లాగుతోంది. రాత్రంతా కలిపితే, తేమ లేకుండా నడిచే నా మెషిన్ కంటే దాని ఖర్చే ఎక్కువ! పైగా అది 12 వోల్టులను 230 చేస్తుంది, మెషిన్ అడాప్టర్ ఆ 230ని మళ్లీ 24కి దించుతుంది. తిరుపతి నుంచి చంద్రగిరికి వయా చెన్నై అన్నమాట.

నాది రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10, 24 వోల్టుల మెషిన్. 12ను నేరుగా 24గా మార్చే డీసీ కన్వర్టర్ దానికి విడిగా దొరుకుతుంది. ఊళ్లో ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో దానిలో పదో వంతు ధరకు మామూలు కన్వర్టర్ చూపించారు. నా మెషిన్ పిన్నులో మూడో వైరు ఉంది, అది చూశాక ధైర్యం చాలక మెషిన్ కంపెనీదే తెప్పించుకున్నాను. 12 వోల్టుల మెషిన్లున్నవాళ్లకు ఈ బాధ తక్కువ, వైరూ సరైన పిన్నూ ఉంటే చాలు. ట్రైలర్‌లోని సిగరెట్ లైటర్ సాకెట్ వదులుగా ఉండి పది నిమిషాలకే పిన్ను వేడెక్కింది. బామ్మర్ది దాన్ని వదిలేసి, బ్యాటరీ టెర్మినల్ నుంచి ఫ్యూజు వేసి లావు వైరుతో కొత్త సాకెట్ పెట్టాడు. ఈ మొత్తంలో అన్నింటికన్నా చవకైన పని, ఎక్కువ పనికొచ్చిందీ అదే. తేమ లేకుండా రెండు మూడు రాత్రులు పడుకోవచ్చా అని నా డాక్టరుకు ఫోన్ చేస్తే సరే అన్నారు, ముక్కులో సెలైన్ చుక్కలు వేసుకోమన్నారు.

నాలుగు రోజుల తర్వాత పీలేరు, వాయల్పాడు, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్. 1,265 మీటర్ల ఎత్తు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ, కడప కలెక్టరు హార్స్‌లీ దొర వేసవి బంగళా కట్టుకున్నాక ఈ పేరు అంటుకుంది. ఘాట్‌లో ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా బామ్మర్ది మొహంలో రంగులు మారాయి. మలుపుల్లో వెనక చక్రాలు లోపలికి కోసుకుంటాయి, వీలైనంత వెడల్పుగా తిప్పాలి. బయల్దేరే ముందు హ్యుమిడిఫయర్ ట్యాంకు ఖాళీ చేయడం మరవకండి. నీళ్లతో ఆ మలుపులు తిరిగితే అవి మెషిన్లోకే పోతాయి.

పైన ఒక లాడ్జి ఆవరణలో ట్రైలర్‌కి చోటిచ్చారు, బాత్రూమూ ప్లగ్గూ కలిపి రాత్రికి 600. రేటు న్యాయమే, వేడినీళ్లు మాత్రం ఏడున్నర తర్వాతే. మొదటి రాత్రి ప్లగ్గు దొరికిందన్న సంబరంలో తేమ గట్టిగా పెట్టాను, కొండ చలిలో గొట్టం కూడా వేడిగానే ఉంటుందిలే అనుకుని. మూడింటికి గొట్టంలో బుడబుడమని హుక్కా శబ్దం, ముక్కు మీద చల్లటి చుక్కలు. తేమ గాలి చలికి గొట్టంలోనే నీరైపోయింది. తేమ తగ్గించి, గొట్టాన్ని దుప్పట్లోకి లాక్కుంటే ఆగింది.

రెండో రాత్రి ప్లగ్గు పీకేశాను. మా ఆవిడ ఒప్పుకోలేదు, అయినా పీకేశాను. హ్యుమిడిఫయర్ ఆఫ్, ఇన్వర్టర్ ఆఫ్, ఫ్రిజ్ ఆఫ్, ఆ చలిలో ఫ్యాన్ సంగతే లేదు. అదే ముసలి బ్యాటరీ. పడుకునే ముందు 12.6 వోల్టులు. ఆరింటికి లేచి వోల్టుల మీటరు పెడితే 12.4, సగం కూడా ఖాళీ కాలేదు. గొంతు కాస్త ఎండింది, ముక్కు బిగిసింది, అంతే. గాలిబండ మీదికెళ్లి నిలబడ్డాను. అక్కడ ముక్కులోకి గాలి ఊరికే దూరుతుంది, ఏ బ్యాటరీ అక్కర్లేదు.

నాలాంటి మెషిన్ ఉన్నవాళ్లు అడిగితే, తేమ లేకుండా అస్సలు పడుకోలేని వాళ్లు తలకోనలో తోటల జోలికి పోకుండా టూరిజం వాళ్ల హరిత గదుల్లాంటివి తీసుకోవడం మేలు. కరెంటు పోతే జనరేటర్ ఎన్నింటిదాకా వేస్తారో ముందే అడగండి. "కరెంటు ఉందా" అని కాదు, "రాత్రి రెండింటికి కరెంటు ఉంటుందా" అని అడగండి. తేమ లేకపోయినా పరవాలేదనుకునేవాళ్లు మాత్రం తోటకే వెళ్లండి, ఆ నాటుకోడి పులుసు గదుల్లో దొరకదు.

ట్రైలర్ తిరిగిచ్చేటప్పుడు ఓనర్‌కి బ్యాటరీ స్టిక్కర్ ఫోటో చూపించాను. కాసేపు దాన్నే చూసి, "ఇన్వర్టర్‌తో కాకుండా ఎట్ల నడిపినారు సార్?" అని అడిగాడు. కొత్త సాకెట్ చూపించాం. వైరు ఖర్చు అద్దెలో తగ్గించుకుని, దాన్ని అట్లే ఉంచేయమన్నాడు.