పంది పక్కటెముకలు: స్లో కుక్కరా, ప్రెషర్ కుక్కరా?

పక్కటెముకల మాంసం మెత్తబడాలంటే అందులోని కొలాజెన్ (కండను పట్టి ఉంచే గట్టి ప్రొటీన్) కరిగి జెలటిన్‌గా, అంటే మెత్తటి జిగురుగా మారాలి. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరుతుంది కాబట్టి అరగంటలో పనైపోతుంది. స్లో కుక్కర్, అంటే సన్నటి వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుక్కర్‌ని 'లో' (తక్కువ వేడి) మీద పెడితే 6 నుంచి 8 గంటలు. ఆకలి మీదున్నవాళ్లకు ఈ లెక్క చాలు.

నా ఓటు మాత్రం స్లో కుక్కర్‌కే. ప్రెషర్‌లో కాసేపు ఎక్కువైతే ముక్క పీచుపీచుగా విడిపోతుంది, మధ్యలో మూత తీసి చూసే వీలూ ఉండదు. స్లో కుక్కర్‌లో అరగంట అటూఇటూ అయినా కొంప మునగదు. ఎముక కొస పట్టుకుని తిప్పితే కాస్త కదలాలి, ఊడి చేతికి రాకూడదు, అప్పుడు దించెయ్యాలి. నీళ్లు అరకప్పు మించొద్దు, మాంసంలోంచే బోలెడు ఊరుతుంది. అస్తమానం మూత ఎత్తి చూశారా, పోయిన వేడి మళ్లీ ఎక్కడానికి చాలాసేపు పడుతుంది.

ఎందులో వండినా ఎముకల వెనకున్న పల్చటి పొరను ముందే లాగెయ్యాలి. పేపర్ టవల్‌తో పట్టుకుంటే జారదు. ఎర్రగా కాలిన రంగు రెండింటిలోనూ రాదు. సాస్ పూసి ఓవెన్‌లో గ్రిల్ కింద 5 నిమిషాలు పెట్టాల్సిందే.