సముద్రం పక్క లేఅవుట్‌లో మెయింటెనెన్స్: 18,000 రూపాయలకి ఏమొస్తోంది?

ఒడిశాలో బరంపురం నుంచి గోపాల్‌పూర్ వైపు వెళ్తుంటే సముద్రపు గాలి మొహానికి తగిలే చోట ఈమధ్య లేఅవుట్లు బాగా లేచాయి. అన్నీ సెలవుల ఇళ్లే. దసరాకి తాళాలు తీస్తారు, సంక్రాంతి దాటాక వేసేస్తారు. అలాంటి ఒక లేఅవుట్‌లో నాకూ, హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికీ కలిపి రెండు గదుల ఇల్లుంది. అక్కడ మెయింటెనెన్స్ చూసే కంపెనీ ఇంటికి ఏడాదికి 18,000 రూపాయలు వసూలు చేస్తుంది. ఆ డబ్బుకి కంపెనీ ఏం చేస్తోందో, పట్టణ సంస్థ తనంతట తాను ఏం చేసిపెడుతోందో విడదీసి రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. బ్యాంకులో ముప్పై ఏళ్లు లెడ్జర్లు చూసిన చేయి కాబట్టి రివ్యూ కాస్త లెక్కల పుస్తకంలా ఉంటే సర్దుకోండి.

ముందు చెత్త. కంపెనీ ఇచ్చే కాగితంలో ‘ఇంటింటి చెత్త సేకరణ’ అని మొదటి లైన్లోనే ఉంటుంది. నిజానికి చెత్త పట్టుకెళ్లేది పట్టణం బ్యాటరీ బండి. ఒడిశా పట్టణాల్లో ఈ పని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు చేస్తారు. తడి, పొడి వేరుగా ఉంటేనే తీసుకుంటారు, కలిపి ఇస్తే మొహమాటం లేకుండా వెనక్కిస్తారు. నాకు వాళ్ల ఖచ్చితం నచ్చింది. తడి చెత్తతో తయారైన ఎరువుని ‘మో ఖత’ పేరుతో అమ్ముతారు. ఒక బస్తా తెచ్చి కరివేపాకు మొక్కకి వేశాను. ఒట్టి ఇసకలో ఎన్నాళ్లుగానో ఎదగని మొక్క ఇప్పుడు చిగుళ్లు వేస్తోంది.

అయితే ఆ బండి మా గేటు దాటి లోపలికి రాదు. లోపలి రోడ్డు ప్రైవేటు, పైగా సగం ఇసక. ఇంటి నుంచి గేటు దాకా బకెట్ మోయడమే కంపెనీ కుర్రాడి పని. అది కూడా సీజన్‌లోనే. మిగతా నెలల్లో వెళ్తే నా బకెట్ నేనే పట్టుకెళ్తాను. నడకకి నడక, పైగా ఆ బండి అమ్మాయితో రెండు మాటలు.

సెప్టిక్ ట్యాంక్ సంగతీ అంతే. కాగితంలో ‘ట్యాంకర్ ఏర్పాటు’ అని ఉంది. అడిగితే ఒక నంబరు చేతిలో పెట్టారు. చూస్తే అది 14420, ఎవరైనా చేసుకోగల ప్రభుత్వ హెల్ప్‌లైన్. బండి చెప్పిన రోజే వచ్చింది. డ్రైవరు మన నోలియాల పిల్లాడు, అంటే ఈ తీరంలోని తెలుగు జాలర్ల కుర్రాడు. మలుపు దగ్గర ఆపి, దిగి, రోడ్డుని కాలితో తన్ని చూశాడు.

“ఇసకలో దిగబడిపోతాదమ్మగోరూ, మళ్లీ నాను ఎలాగ లాక్కోను? పైపు అతికించుకుంటాను, సాల్తాది.”

పైపు మీద పైపు కలిపి, ఇంటి వెనక దాకా లాగి, పని పూర్తిచేసి, రసీదు ఇచ్చి వెళ్లాడు. పట్టణం తరఫున వచ్చిన మనుషులకి నేను మంచి మార్కులు వేస్తాను. ఆ మలుపుకి మాత్రం సున్నా. అది బాగుచేయాల్సింది డబ్బు తీసుకుంటున్న కంపెనీ.

అసలు గొడవంతా ఆ రోడ్డుతోనే. వేసవి మధ్య నుంచి నైరుతి గాలి మొదలవుతుంది. సరుగుడు తోపు ఉన్నంత మేర ఇసక ఆగుతుంది. మా లేఅవుట్ ముందు తోపుని ‘సీ వ్యూ’ కోసం పల్చబరిచారు. ఇంకేముంది, ఆగస్టుకల్లా రోడ్డు మీద ఇసక మేట వేసి, కారు రెండో మలుపు దగ్గరే ఆగిపోతుంది. దసరా ముందు కంపెనీ ఇద్దరు కూలీలని పారలిచ్చి పంపుతుంది. వాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎత్తుతారు, కష్టపడతారు, అందులో అబద్ధం లేదు. కానీ ఎత్తిన ఇసకని ఎక్కడ పోస్తారు? పక్కనున్న కాలువలో. దూరం మోయడానికి బండి ఇవ్వలేదని వాళ్లే చెప్పారు. అక్టోబర్ వాన పడగానే నీళ్లు పోయే దారి లేక ఆ రోడ్డే చెరువైపోతుంది. ఆ నీళ్లు ఇంకాక కాలువ తవ్వడానికి ‘అదనపు పని’ అని ఇంకో బిల్లు. ఇంత నీట్‌గా ఒక పని ఇంకో పనిని పుట్టించడం నేనెక్కడా చూడలేదు!

ఈ తీరంలో అక్టోబర్ అంటే తుపాను నెల. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు దాటినా మా గంజాం జిల్లాని వదల్లేదు. అలాంటప్పుడు ప్రభుత్వం వాళ్లు ముందు పెద్ద రోడ్ల మీద పడ్డ చెట్లు కోస్తారు, అది న్యాయమే. గేటు లోపల పడ్డ చెట్టు మనది. మెయింటెనెన్స్ ఒప్పందం నాలుగో పేజీలో ‘ప్రకృతి వైపరీత్యాలు మినహా’ అని చిన్న అక్షరాల్లో ఉంది. గంజాం తీరంలో ఆ మినహాయింపు రాసుకున్నవాడి తెలివికి దండం పెట్టాలి.

గేటు మీద సిమెంటు ఆర్చి ఒకటి కట్టారు. శంఖాలు, చేపలు, రంగులు. చూడ్డానికి బాగానే ఉంటుంది. 108 అంబులెన్స్ దాని కింద నుంచి వస్తుంది. ఫైరింజన్ పడుతుందా అంటే కంపెనీ మేనేజర్ నవ్వి ఊరుకున్నాడు. టేపు పెట్టి కొలవమని రాసిచ్చాను. ఇంకా కొలవలేదు.

లైట్ల విషయం ఇంకా విచిత్రం. వీధి దీపాలు కామన్ మీటరు మీద ఉన్నాయి, మీటరు కంపెనీ పేరున ఉంది. సీజన్ అయిపోగానే బిల్లు తగ్గించడానికి లోపలి దీపాలు ఆర్పేస్తారు. ఆర్చి మీద సముద్రం వైపు తిప్పిన ఫ్లడ్‌లైటు మాత్రం తెల్లార్లూ వెలుగుతుంది, ఫొటోల కోసమట. అసలు ఆర్పాల్సింది దాన్నే. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చే రుషికుల్య నది ముఖద్వారం మాకు కాస్త దూరమే. ఒకటీ అరా ఇటు కూడా గుడ్లు పెడతాయని జాలర్లు చెప్తారు. గుడ్డులోంచి బయటపడ్డ పిల్లలు వెలుతురున్న వైపే పాకుతాయి. సముద్రానికి పోవాల్సినవి ఆర్చి వైపు వస్తే కుక్కల పాలే. వాచ్‌మన్‌కి చెప్తే పాపం రాత్రి పదికి ఆర్పేవాడు. ఆయన మీద మేనేజర్ కేకలేశాడు. వాచ్‌మన్ ఈ మొత్తం ఏర్పాటులో నాకు నచ్చిన ఒకే ఒక్క అంశం. ఆ 18,000లో ఆయన జీతానికి పోయే ముక్క నాకు బాధ అనిపించదు.

మా తమ్ముడిది వేరే వాదన. “అక్కా, హోల్డింగ్ ట్యాక్స్ కడుతున్నాం కదా, రోడ్డు వాళ్లే వెయ్యాలి” అంటాడు ఫోన్లో.

“ట్యాక్స్ ఇంటికి రా. రోడ్డు ఎవరి పేరున ఉందో ముందు చూడు” అన్నాను.

చూడమంటే ఎలా చూస్తాడు? ఒడిశా ప్రభుత్వం భూమి రికార్డులు పెట్టే భూలేఖ్ వెబ్‌సైట్‌లో పట్టా ఒడియాలో ఉంటుంది. గంజాం మద్రాసు నుంచి విడిపోయి 1936లో ఒడిశాలో కలిసింది, నేను బడిలో ఒడియా చదువుకున్నాను. వాడికి రాదు. నేనే తీసి చదివాను. మా రోడ్డు ప్లాటు ఇప్పటికీ లేఅవుట్ వేసినాయన పేరునే, స్థితిబాన్ హక్కుతో ఉంది. అంటే సొంత భూమి. దాన్ని దానపత్రం రాసి పట్టణ సంస్థకి అప్పజెప్పనంత కాలం, ప్రజల డబ్బుతో దాని మీద తారు పొయ్యమని ఎవర్నీ అడగలేం. ఇక్కడ ప్లాటు కొనేవాళ్లు ఇంటి పట్టాతో పాటు ముందున్న రోడ్డు ప్లాటు నంబరు కూడా అడిగి తీసి చూసుకోండి. బ్రోషర్‌లో 30 అడుగుల రోడ్డు అని రంగుల్లో ఉంటుంది. అది ఎవరిదో ఉండదు.

ఈ ఏడు కొందరం కలిసి కంపెనీకి ఉత్తరం ఇచ్చాం. చెత్త, ట్యాంకర్ పేర్లు బిల్లులోంచి తీసెయ్యాలి, అవి పట్టణం చేస్తున్న పనులు. వాచ్‌మన్ జీతం, ఇసక, కాలువ, ఈ మూడింటికే కడతాం. ఎత్తిన ఇసక ట్రాక్టర్లో బయటికి పోవాలి, రసీదు చూపించాలి. రోడ్డు అప్పజెప్పడానికి తేదీ చెప్పాలి. జవాబు రాలేదు. వినాయకచవితి లోపు రాకపోతే బరంపురంలో నాకు తెలిసిన ట్రాక్టర్ అతను ఉన్నాడు, ఇళ్ల వాళ్లం తలా కొంత వేసుకుని అతనితోనే ఎత్తిస్తాం. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో తగ్గించుకుంటామని ఉత్తరం కిందే రాశాం. ఆర్చి ఎత్తు కూడా అతని టేపుతోనే కొలిపిస్తాను.