సరస్సుకు అసోసియేషన్ మేలా, లేక్ డిస్ట్రిక్ట్ మేలా?

విస్కాన్సిన్‌లో సరస్సు ఒడ్డున ఇల్లు కొనుక్కున్న తెలుగువారు తరచూ అడిగే ప్రశ్న ఇది: ఇష్టమున్నవారు చేరే లేక్ అసోసియేషన్ ఎలాగూ ఉండగా, సరస్సు బాగోగులకే ఏర్పడే పాలక సంస్థ అయిన లేక్ డిస్ట్రిక్ట్ పెట్టుకుని కొత్త పన్ను నెత్తిన వేసుకోవడం అవసరమా? పైకి రెండింటి పనీ ఒకటే. నీటి కలుపు తీయించడం, నీటి పరీక్షలు, పడవలు దించే చోట తనిఖీలు రెండూ చేయగలవు. అర్హతలుంటే రాష్ట్ర సహజ వనరుల శాఖ గ్రాంట్లు రెండింటికీ అందుతాయి. ఆ శాఖ అనుమతి లేకుండా నీటిలో కలుపు మందు వేయించే అధికారం మాత్రం దేనికీ లేదు.

అసలు తేడా డబ్బు దగ్గర వస్తుంది. అసోసియేషన్‌లో చేరడం ఎవరిష్టం వారిది. చందా కట్టినవారి సొమ్ముతో కలుపు తీయిస్తే కట్టనివారి ముంగిటి నీరూ బాగుపడుతుంది గనుక, ఏటా అడిగించుకునేది ఆ కొద్ది ఇళ్లవారే. 1974 నాటి చట్టం ప్రకారం డిస్ట్రిక్ట్ ఒక చిన్న స్థానిక ప్రభుత్వం. దాని పరిధిలో పన్ను వర్తించే ఆస్తి ఉన్న ప్రతి ఒక్కరూ కట్టవలసిందే. నిర్వహణ పన్నుకు వెయ్యి డాలర్ల విలువకు రెండున్నర డాలర్లు గరిష్ఠ పరిమితి, అంటే 4,00,000 డాలర్ల ఇంటికి ఏడాదికి 1,000 డాలర్లు మించదు. ఎంత వేయాలో వార్షిక సమావేశంలో ఓటుతో తేలుతుంది.

ఈ క్రమం తప్పని రాబడే నిర్ణాయకమని నేను అనడానికి యురేషియన్ వాటర్‌మిల్‌ఫాయిల్ అనే నీటి కలుపు ఒక్కటి చాలు. ప్రొపెల్లర్‌కు తెగిన తునక, ట్రైలర్ ఇరుసుకు చుట్టుకుని వచ్చిన పోగు, ఏదైనా మరోచోట వేళ్లూనుకుని కొత్త దుబ్బు అవుతుంది. ఒక ఏడు తీయించి, చందాలు రాలేదని మరుసటి ఏడు ఊరుకుంటే మొదటి ఖర్చు అక్షరాలా నీళ్లపాలే.

ఓటు సంగతీ చూడాలి. షికాగోలో కాపురముండి వేసవిలో మాత్రమే వచ్చే ఇంటి యజమానికి ఇక్కడి టౌన్ ఎన్నికల్లో ఓటు లేకపోయినా డిస్ట్రిక్ట్ సమావేశంలో ఉంటుంది. 1997 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు తెలిసినవారికి, ఆయకట్టులో భూమి ఉన్నందుకు ఓటు రావడం కొత్త కాదు.

పాతిక ముప్పై ఇళ్లున్న, పెద్దగా కలుపు లేని సరస్సుకు అసోసియేషన్ చాలు. బహిరంగ సమావేశాల చట్టం, ప్రభుత్వ రికార్డుల నిబంధనల బాదరబందీ దానికి ఉండదు. మురుగు పారుదలే ప్రధాన సమస్య అయితే శానిటరీ డిస్ట్రిక్ట్ చూసుకోవచ్చు.

డిస్ట్రిక్ట్‌కూ హద్దుంది. ఎగువ పొలాల నుంచి వాగులో కొట్టుకొచ్చే, నీటిలో నాచును పెంచే ఫాస్ఫరస్‌ను ఆపమని అది రైతును ఆదేశించలేదు. గట్టున గడ్డి పట్టీ పెంచడానికి డబ్బు సాయం చేయగలదు. అయితే మామూలుగా ఐదుగురుండే బోర్డులో ఒకరిని కౌంటీ తన భూసంరక్షణ కమిటీ తరఫున నియమిస్తుంది కాబట్టి, ఆ రైతులతో మాట్లాడే దారి ఒకటి ముందే ఏర్పడి ఉంటుంది.

డిస్ట్రిక్ట్ ఏర్పాటు చేయమని కౌంటీకి ఇచ్చే అర్జీ మీద పరిధిలోని భూయజమానుల్లో 51 శాతం మంది గానీ, 51 శాతం భూమి ఉన్నవారు గానీ సంతకం చేయాలి. అందుకే ముందు సరిహద్దు తేల్చుకోండి: వెనక వీధి ఇళ్లనూ కలిపితే తలా వచ్చే పన్ను తగ్గుతుంది, సంతకాలు దొరకడం కష్టమవుతుంది.