ఇటలీలో పది రోజులు: కారా, రైలా, రెండూనా?

"కారు అద్దె రోజుకి 35 యూరోలే చూపిస్తోంది. ఐదుగురికి రైలు టికెట్లు కొనే బదులు కారే నయం కదా?" కిందటేడు మేం ఇటలీ వెళ్లొచ్చామని తెలిసినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. లిఫ్టులో ఒకరు, ఆఫీసు క్యాంటీన్‌లో ఒకరు, మొన్న ఒక పెళ్లి భోజనాల బంతిలో ఇంకొకరు అడిగారు. వడియాలు నంజుకుంటూ చెప్పేంత చిన్న లెక్క కాదని ఆయనకు నవ్వి ఊరుకున్నాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా సంగతి. నేను, మా ఆవిడ, ఏడేళ్లూ పదకొండేళ్లూ ఉన్న ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. రోమ్‌లో 3 రాత్రులు, టస్కనీ ప్రాంతం పల్లెల్లో 3, ఫ్లోరెన్స్‌లో 2, వెనిస్‌లో 2. యూరోని వంద రూపాయలుగా వేసుకుంటే లెక్క తేలిక. ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవడం, నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండటం లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ఆ 35 యూరోల కారు దేనికి పనికొస్తుందో ముందు చూడండి. అది చిన్న బండి, గేర్లది. స్టీరింగ్ ఎడమ పక్కన, గేరు కుడిచేతికి. ఇండికేటర్ వేయబోయి వైపర్ వేస్తూ, అలవాటు లేని చేత్తో గేర్లు వెతుక్కుంటూ, కొత్త దేశంలో రౌండ్ అబౌట్ తిరగడం నా వల్ల కాదు. ఆటోమేటిక్ కావాలంటే రేటు మారుతుంది. ఐదుగురు కూర్చున్నాక డిక్కీలో పట్టేది ఒక పెద్ద సూట్‌కేసు, ఒక చిన్నది. మావి నాలుగు, పైన రైస్ కుక్కర్ సంచి. సెవెన్ సీటర్ తీసుకుంటే సరిపోతుందనుకుంటారు గానీ, వెనక సీట్లు లేపితే డిక్కీ మిగలదు. చివరికి సామాను పట్టే ఆటోమేటిక్ బండి రోజుకు 75 యూరోలకు తేలింది.

పది రోజులూ కారే అనుకుని ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. రోమ్‌లో తీసుకుని వెనిస్‌లో వదిలేయాలి. అద్దె 750. కౌంటర్ దగ్గర అమ్మే ఫుల్ కవర్ ఇన్సూరెన్స్ రోజుకు 30 చొప్పున 300. ఒక ఊళ్లో ఎక్కి ఇంకో ఊళ్లో దిగినందుకు 80. ఎత్తు 150 సెంటీమీటర్లు దాటని పిల్లలకు అక్కడ బూస్టర్ (ఎత్తు పెంచే సీటు) తప్పనిసరి, రెండింటికీ కలిపి 100. పెట్రోలు 110, టోల్ 40 దాకా. ఇవి అందరూ వేసే లెక్కలే. చాలామంది వేయనిది ఇంకోటుంది. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్‌లలో బండిని గ్యారేజీలో పెట్టాలి, రాత్రికి 35 చొప్పున ఏడు రాత్రులకు 245. మొత్తం 1,625 యూరోలు, అంటే మన డబ్బుల్లో లక్షా అరవై రెండు వేలు.

ఆ 245 దగ్గరే ఆగాను. పార్కింగ్ ఖరీదెక్కువని కాదు. ఏడు రాత్రులకు పార్కింగ్ కడుతున్నానంటే ఆ రోజుల్లో బండి కదలడం లేదన్నమాటే కదా! రోమ్‌లో కొలోసియం చూడటానికి కారులో ఎవరూ వెళ్లరు. వెనిస్‌లోనైతే అసలు రోడ్లే లేవు, ఊరి అంచున పియజ్జాలె రోమా అనే చోట బండి దిగి నడవాలి, లేకపోతే పడవెక్కాలి. అద్దె, ఇన్సూరెన్స్, బూస్టర్ అన్నీ రోజు లెక్కనే. బండి గ్యారేజీలో నిద్రపోతున్నా మీటర్ తిరుగుతూనే ఉంటుంది, నిద్రపోతున్నందుకు గ్యారేజీవాడికి వేరే కట్టాలి. అందుకే ఎవరైనా కారు గురించి అడిగితే రోజు అద్దె ఎంతని నేను అడగను. మీ రాత్రుళ్లు ఎక్కడ అని అడుగుతాను. పది రాత్రుల్లో ఎన్ని పట్నాల్లో, ఎన్ని పల్లెల్లో? నా మటుకు అన్నీ తేల్చేది ఆ ఒక్క లెక్కే.

పట్నంలో కారుకు ఇంకో గండం ఉంది. పాత ఊళ్ల నడిబొడ్డున జడ్‌టీఎల్ అని ఒక ప్రాంతం ఉంటుంది, పర్మిట్ ఉన్న బళ్లు తప్ప లోపలికి రాకూడదు. గేటుండదు, పోలీసుండడు, స్తంభం మీద కెమెరా మాత్రం ఉంటుంది. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు పక్కన 'వార్కో అత్తీవో' అని వెలుగుతుంటుంది. 'యాక్టివ్' అన్నట్టు వినిపిస్తోంది కదా అని దారి తెరిచే ఉందనుకుని దూరిపోయేవాళ్లున్నారు. దాని అర్థం కెమెరా పనిచేస్తోంది, రావద్దు అని. ఎన్నిసార్లు లోపలికెళ్తే అన్ని చలాన్లు. కూకట్‌పల్లిలో ఉండే మా పిన్ని కొడుకు ఫ్లోరెన్స్‌లో హోటల్ వెతుక్కుంటూ ఒకే వీధిలోకి రెండుసార్లు తిరిగాడు. తిరిగొచ్చిన నెలకు అద్దె కంపెనీ వాళ్లు పోలీసులకు అతని అడ్రసు ఇచ్చినందుకు కార్డు మీద రెండుసార్లు ఫీజు లాగారు. అసలు చలాన్లు ఎనిమిది నెలలకు ఇంటికొచ్చాయి. విదేశాల్లో ఉండేవాళ్లకు నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజులు గడువిస్తుంది కాబట్టి, నాలుగు నెలలైంది, ఏమీ రాలేదు అని నిశ్చింతగా ఉండకండి.

అయితే అంతా రైలేనా? డబ్బు ఒక్కటే చూస్తే దానికి పోటీ లేదు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కి రెండుంబావు గంటలు. 2012లో ఇటాలో అనే ప్రైవేటు రైళ్లు మొదలైనప్పటి నుంచి ప్రభుత్వ రైల్వే ట్రెనిటాలియాకు ఫాస్ట్ రైళ్లలో పోటీ ఉంది. ముందుగా కొంటే టికెట్లు బాగా చవక, ఆ రోజే కొంటే రెట్టింపు కూడా కావచ్చు. నెలన్నర ముందు చూస్తే మా ఐదుగురికి ఒక్కో ప్రయాణం 110 యూరోలు పడింది. టస్కనీ మూడు రాత్రులూ అక్కడి సియెనా పట్నంలో ఉండి బస్సుల్లో తిరిగితే ఇంకో 150. మొత్తం 370 యూరోలు, కారు ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

కానీ టస్కనీకి వెళ్లేది సియెనా బస్టాండు చూడటానికి కాదు కదా. పియెంజా, మోంటెపుల్చానో లాంటి కొండమీది ఊళ్ల మధ్య గోధుమ చేలు, వరసగా సైప్రస్ చెట్లు, వాటి నడుమ అగ్రిటూరిజ్మోలనే పొలం ఇళ్లు. మేం దిగింది అలాంటి ఇంట్లోనే, వంటగదితో సహా. బస్సు దిగే చోటు నుంచి మట్టిరోడ్డు మీద మూడు కిలోమీటర్లు. అమ్మ అక్కడ పప్పుచారు పెట్టి, ఆవకాయ సీసా తీసి, ఆరుబయట బల్ల మీద వడ్డించిన పూట మా పిల్లలు రోమ్ మొత్తం కంటే ఎక్కువగా గుర్తు చేసుకుంటారు. కారు లేకపోతే ఆ పూట లేదు.

అందుకే మేం చేసింది ఇది. రోమ్‌లో మూడు రోజులు కాళ్లూ మెట్రోనే. నాలుగో రోజు ప్యాసింజర్ లాంటి రీజినల్ రైల్లో గంటంబావులో ఓర్వియెటో అనే ఊరు, ఐదుగురికీ 35 యూరోలు. స్టేషన్ కొండ కింద, ఊరు కొండ మీద. కాబట్టి స్టేషన్ దగ్గరే కారు తీసుకుని సందుల్లో ఇరుక్కోకుండా నేరుగా హైవే ఎక్కేయొచ్చు. మూడు రోజుల తర్వాత ఫ్లోరెన్స్ ఎయిర్‌పోర్టులో బండి అప్పగించి, అక్కడే టీ2 ట్రామ్ ఎక్కి ఇరవై నిమిషాల్లో ఊళ్లోకి వచ్చేశాం, జడ్‌టీఎల్ గొడవే లేదు. తర్వాత వెనిస్‌కి రైలు. కారు ఖర్చు అద్దె, కవర్, బూస్టర్లు, పెట్రోలు అన్నీ కలిపి 515. రైళ్లతో మొత్తం 660. కారు నిద్రపోయింది మూడే రాత్రులు, అవీ పొలం ఇంటి ముంగిట్లో చెట్టు కింద ఉచితంగా.

ఇందులో ఇబ్బందులు లేవని చెప్పను. తక్కువ రోజులకు తీసుకుంటే రోజు అద్దె పెరుగుతుంది, మాకు 75 కాస్తా 90 అయింది. చిన్న ఊళ్లలో ఆటోమేటిక్ బళ్లు ఒకటో రెండో ఉంటాయి, రెండు నెలల ముందే బుక్ చేయాలి. మేం ఓర్వియెటోలో దిగేసరికి పన్నెండున్నర దాటింది, కారు అద్దె ఆఫీసు తలుపుకి తాళం. భోజనానికి వెళ్లారు, మళ్లీ మూడింటికే. స్టేషన్ ముందు బెంచీ మీద సూట్‌కేసుల మధ్య కూర్చుని, పొద్దున్నే రోమ్‌లో కలుపుకొచ్చిన పులిహోర తిన్నాం. ఆదివారమైతే ఇలాంటి చోట అసలు తెరవకపోవచ్చు. టైములు చూసుకోకుండా రైలు టికెట్ కొనడం పూర్తిగా నా తప్పే.

మూడింటికి కౌంటర్లో అసలు నాటకం. అద్దెలో కలిసొచ్చే ఇన్సూరెన్స్ ఉన్నా, దెబ్బ తగిలితే మొదటి 1,500 యూరోలు మనమే కట్టాలి, ఆ మొత్తాన్ని ముందే కార్డు మీద బ్లాక్ చేస్తారు. టైర్లు, అద్దాలు చాలాచోట్ల అందులోకి రావు. ఫుల్ కవర్ కొంటే బ్లాక్ 300కి దిగింది. బుకింగ్ సైట్లు అమ్మే కవర్ దీంట్లో మూడో వంతుకే వస్తుంది గానీ కౌంటర్లో దాన్ని లెక్కలోకి తీసుకోరు. గీత పడితే ముందు మనం కట్టి, కాగితాలన్నీ పంపి, సైటు నుంచి రాబట్టుకోవాలి. మా బావమరిదికి సిసిలీలో చక్రం రిమ్ గోడకు రాసుకుంటే 400 కట్టించుకున్నారు. రెండు నెలలు మెయిళ్లు రాశాక తిరిగొచ్చాయి. పది రోజులైతే నేనూ సైటు కవరే తీసుకునేవాణ్ని. మూడు రోజులకు 90 యూరోలు పడేసి టెన్షన్ లేకుండా తిరగడమే నాకు మేలనిపించింది. బండిని నాలుగు వైపులా, రిములూ పైకప్పుతో సహా వీడియో తీసుకోండి. కార్డు మిషన్ యూరోల్లోనా రూపాయల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే వాళ్లిష్టమొచ్చిన రేటు పడుతుంది. కొండ ఊళ్లలో నీలం గీతల మధ్య డబ్బు కట్టి ఆపాలి, తెల్ల గీతలు ఉచితం, పసుపు స్థానికులకు.

మరి మొదటి నుంచి చివరిదాకా కారే మేలయ్యే ట్రిప్పులు లేవా? ఉన్నాయి. ఇటలీలోనే ఉత్తరాన డోలమైట్స్ కొండలు, దక్షిణాన సిసిలీ, పుల్యా. అక్కడ రాత్రుళ్లన్నీ చిన్న ఊళ్లలోనే, రైళ్లు తక్కువ. స్విట్జర్లాండ్ అంటే దీనికి సరిగ్గా తలకిందులు. వెంగెన్, మ్యూరెన్, జెర్మాట్ ఊళ్లలోకి కారు రానే రాదు, కింద పార్క్ చేసి మళ్లీ రైలో కేబుల్ కారో ఎక్కాల్సిందే. 8 రోజుల స్విస్ ట్రావెల్ పాస్ 2025లో సెకండ్ క్లాస్ 419 ఫ్రాంకులు. తల్లిదండ్రుల్లో ఒకరికి పాస్ ఉంటే పదహారేళ్లలోపు పిల్లలకు ఫ్యామిలీ కార్డు మీద ఉచితం. అక్కడ కారు మాట ఎత్తకండి.

యూరప్ దేశాల రైళ్లలో తిరగడానికి ఇచ్చే యూరైల్ పాస్ గురించీ అడుగుతుంటారు. ఒక్క ఇటలీకే అయితే వద్దు, ఫాస్ట్ రైళ్లలో సీటు రిజర్వేషన్‌కి ప్రతిసారీ విడిగా కట్టాలి. డ్రైవర్‌తో వ్యాన్ ఎనిమిదిమంది పంచుకుంటే తప్ప గిట్టదు. బస్సులు కుర్రాళ్లకు బాగుంటాయి.

ఇంతా రాశాక ఒక మాట ఒప్పుకోవాలి. అమ్మనడిగితే పది రోజులూ కారే అంటుంది. నేను మిగిల్చిన తొమ్మిది వందల పైచిలుకు యూరోల సంగతి చెబితే, "ఓర్వియెటోలో రైలు మెట్లు దిగింది నా మోకాళ్లు నాయనా, నీవి కాదు" అంటుంది.