లెదర్ సీట్లకు ఏది మేలు: విడివిడి సీసాలా, టూ ఇన్ వన్ సీసానా?

"అన్నా, లెదర్ సీట్లకు మంచి కండిషనర్ ఏదో చెప్పు." ఎండలు ముదిరితే చాలు, మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రపూర్, రాజురా మనవాళ్లు అడిగే మాట ఇదే. కండిషనర్ (సీటు ఎండిపోకుండా పైన పూసే మందు) సంగతి చెప్తాను గానీ, ముందు మురికి వదిలించే క్లీనర్ సంగతి తేల్చుకోవాలి. మన వైపు సీట్లను పాడుచేసేది ఎండ ఒక్కటే కాదు. గనుల బొగ్గు దుమ్ము, థర్మల్ స్టేషన్ బూడిద, అద్దం కాస్త దించితే చాలు లోపలికొచ్చి కూర్చుంటాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండకు కారే చెమట, ఒంటి జిడ్డు వాటికి తోడవుతాయి. దాని మీదే రోజూ ఎక్కి దిగుతుంటే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు సీటు పైపూత అరిగిపోతుంది.

అసలు కథంతా ఈ పైపూతదే. కార్ల సీట్లకు వాడే తోలు చాలా వరకు రంగేసి, పైన పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత పూసినది. సీసా మీద "లోతుగా ఇంకుతుంది" అని రాసి ఉన్నా, పూత దాటి లోపలికి పోయేది బహు తక్కువ. అనుమానముంటే కనబడని చోట ఒక్క నీటి చుక్క వేసి చూడండి. చుక్క అలాగే నిలబడితే పూత ఉన్నట్టు. ఇంకిపోయి మచ్చ ముదురుగా కనిపిస్తే అది పూత లేని తోలు, మామూలు బండ్లలో అరుదు. ఇంకో సంగతి: టాప్ మోడల్ అని డబ్బు పెట్టి కొన్న చాలా బండ్లలో ఉన్నది తోలే కాదు, లెదరెట్, అంటే తోలులా కనిపించే కృత్రిమ సరుకు. సీటు కవర్ల షాపులో కుట్టించినవైతే దాదాపు అన్నీ అంతే. కింది అంచు మడత విప్పి వెనక వైపు చూడండి. అల్లిన బట్ట కనిపిస్తే లెదరెట్, పీచు పీచుగా ఉంటే తోలు. లెదరెట్‌కు కండిషనర్ కొనడం దండగ, మంచి క్లీనర్ ఒక్కటి చాలు.

ఇప్పుడు సీసాల దగ్గరికి వద్దాం. అందరూ ముందు చూసేది టూ ఇన్ వన్, అంటే క్లీనర్, కండిషనర్ రెండూ కలిపిన సీసా. మెగ్వయర్స్ గోల్డ్ క్లాస్ అలాంటిదే. స్ప్రే చేసి తుడిస్తే పనైపోతుంది, వాసన బాగుంటుంది, ఆన్‌లైన్‌లో సులభంగా దొరుకుతుంది. కొత్త బండికి, నీడలో ఉండే బండికి, వారానికోసారి పైపైన తుడిచేవాళ్లకు నిక్షేపంలా పనికొస్తుంది. దాన్ని చెడ్డదని నేను ఎప్పుడూ అనను. కానీ మురికి పట్టిన సీటు మీద వాడితే చిక్కు వస్తుంది. మురికి పూర్తిగా లేవకముందే అందులోని కండిషనర్ దాని మీద పొరలా పరుచుకుంటుంది. గనుల వైపు రోజూ తిరిగే బండికి అది సరిపోదు.

అందుకే నా మొగ్గు విడివిడి సీసాల వైపే. కెమికల్ గైస్‌లో రంగు, వాసన లేని లెదర్ క్లీనర్ వేరుగా వస్తుంది, కండిషనర్ వేరుగా వస్తుంది. లెక్సాల్‌లోనూ అంతే. జర్మనీ వాళ్ల కలర్‌లాక్ కూడా మంచి సరుకే, ధరే కొంచెం ఎక్కువ. ఏ కంపెనీదైనా సరే, జేబులో ఉన్న డబ్బులో ఎక్కువ భాగం క్లీనర్ మీద, ఒక మెత్తటి బ్రష్ మీద పెట్టండి. కండిషనర్ కొంటే మెరుపు ఇచ్చేది వద్దు. నీటి ఆధారంగా చేసినది, పలుచనిది, ఎండ నుంచి కాపాడే గుణం ఉన్నది తీసుకోండి. పక్క అద్దాల గుండా ఎండలోని యూవీఏ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు లోపలికి వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ గుణానికి విలువుంది.

సీటు మురికిగా ఉందో లేదో కనిపెట్టడానికి డ్రైవర్ సీటు డోరు వైపు అంచును చూడండి, దిగేటప్పుడు తొడ రాసుకునే చోటు. అక్కడ నిగనిగలాడుతోందా? చాలామంది అది లెదర్ మెరుపు అనుకుని సంతోషిస్తారు. అది జిడ్డు. శుభ్రమైన సీటుకు మెరుపు ఉండదు. క్లీనర్‌ను సీటు మీద కాకుండా బ్రష్ మీద కొట్టి, చేతి వెడల్పంత చోటు మాత్రమే గుండ్రంగా రుద్దండి. నురుగు బూడిద రంగులోకి తిరుగుతుంది. తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, నురుగు తెల్లగా వచ్చేదాకా మళ్లీ రుద్దండి. గాలి వచ్చే వెంటిలేటెడ్ సీట్లయితే నీళ్లు, క్లీనర్ చిల్లుల్లోకి దిగకుండా చాలా జాగ్రత్తగా ఉండాలి.

ఇంట్లో ఉన్నవాటి సంగతి. బట్టల సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు. తోలు స్వభావం ఆమ్లం వైపు ఉంటుంది, పీహెచ్ దాదాపు 4. బట్టల సబ్బు క్షారం, దాని పీహెచ్ 10 దాకా పోతుంది. పూత అరిగిన చోట, కుట్ల దగ్గర అది లోపలికి దిగి తోలును గట్టిపరుస్తుంది. కొబ్బరి నూనె అసలే వద్దు. దుమ్మును పట్టుకుంటుంది, కుట్టు దారాలను నల్లగా చేస్తుంది, కొన్నాళ్లకు కంపు కొడుతుంది. బూటు పాలిష్ ప్యాంటుకు అంటుతుంది. పిల్లల వెట్ వైప్స్ ప్రయాణంలో టీ ఒలికితే సరే, రోజూ వద్దు.

ఇక సీటు ఇప్పటికే పగిలి ఉంటే ఏ కండిషనరూ దాన్ని అతికించదు. పగుళ్లు పూడ్చి రంగు వేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. వాళ్లు ముందు చేసే పని, ఇన్నాళ్లూ మనం పూసిన నూనె, సిలికాన్ మెరుపు అంతా వదిలించడం. అది పూర్తిగా పోకపోతే కొత్త రంగు పట్టదు, నెలల్లోనే పొరలుగా లేస్తుంది. కాబట్టి రంగు వేయించే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇప్పటి నుంచే ఆ సీట్లకు కండిషనర్ మానేసి, క్లీనర్ ఒక్కటే వాడండి.