పాత సూపర్ 8 హోమ్ మూవీ రీళ్లు డిజిటల్ చేయిస్తున్నారా? కోఠిలో ఆ షాపుకి మాత్రం ఇవ్వకండి

ఏ షాపో ఇప్పటికే అర్థమై ఉంటుంది. పాత కెమెరాలు అద్దాల బీరువాలో పెట్టి, "ఫిల్మ్ టు డిజిటల్, స్టూడియో క్వాలిటీ" అని బోర్డు కట్టినాయన. ఆ కెమెరాలు చూసే నేనూ పడిపోయాను.

పెదనాన్న డెబ్బైల్లో అమెరికా నుంచి వస్తూ కెమెరా తెచ్చారు, రాజమండ్రి ఇంట్లో తీశారు, ఫిల్మ్ అమెరికాలో కడిగించారు. మొత్తం ఆరు రీళ్లు. ఒక్కొక్కటీ 50 అడుగులు. రీలుకి 1,200 చొప్పున 7,200 ఇచ్చాను, అదీ ముందే. బేరం కూడా ఆడలేదు. తెలివి అలా ఉంది నాది.

మూడు వారాలు తిప్పించుకుని నిన్న పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి అమ్మని టీవీ ముందు కూర్చోబెట్టి పెట్టాను. నాన్నమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. వెనక నుంచి "అన్నా, రెండు చాయ్!" అని కేక. మా రీళ్లు మూగవి, వాటిలో శబ్దమే లేదు! అప్పుడు అర్థమైంది స్టూడియో క్వాలిటీ అంటే ఏంటో. గోడ మీద ప్రొజెక్టర్ వేసి, ఎదురుగా సెల్‌ఫోన్ పెట్టి తీశాడు. బొమ్మ ఒకటే మిణుకు మిణుకు. ఒక మూల గోడ పగులు కూడా కనిపిస్తోంది, మా పెదనాన్న నుదుటి మీదుగా.

స్పీడ్ సంగతి ఇంకా ఘోరం. ఇవి సెకనుకి 18 ఫ్రేములతో తీసినవి. ఆ లెక్కన రీలుకి 3 నిమిషాల 20 సెకన్లు, ఆరింటికీ 20 నిమిషాలు రావాలి. ఇతనిచ్చింది 15 కూడా లేదు. 24 మీద పెట్టి తిప్పేసినట్టున్నాడు. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచే నాన్నమ్మ, ఇందులో బస్సు తప్పిపోతున్నట్టు పరిగెడుతోంది.

ఇదంతా ఒక ఎత్తు. నాలుగో రీల్లో నాన్నమ్మ డాబా మీద వడియాలు పెడుతూ ఉంటుంది. కెమెరా చూసి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. కాసేపటికి కొంగు తీసేసి పకపకా నవ్వుతుంది. చిన్నప్పుడు దుప్పటి తెరలా కట్టి ఈ రీళ్లు వేసుకున్నప్పుడల్లా ఆ ముక్క కోసమే కూర్చునేవాళ్లం. ఆవిడ నవ్విన ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. వీడియోలో కొంగు అడ్డం పెట్టుకుంది. వెంటనే తర్వాతి సీన్లో కాకి వచ్చింది. నవ్వు లేదు.

రీలు విప్పి కిటికీ వెలుతురులో చూశాను. ఆ చోట ఫిల్మ్ కోసి, మామూలు సెల్లో టేప్ అంటించారు. టేపు పక్క ఫ్రేము గోధుమ రంగులో బుడగలా పొంగి ఉంది. ప్రొజెక్టర్‌లో ఇరుక్కుంటే బల్బు వేడికి కాలిపోయింది, కత్తిరించి పారేశారు, నోరు మూసుకుని తిరిగిచ్చారు.

ఈ రోజు పొద్దున్నే షాపు తీసేసరికి వెళ్లి అడిగాను. ముందు "పాత రీళ్లు సార్, పాడైపోయి ఉన్నాయి" అన్నాడు. పాడైన ఫిల్మ్ పులిసిన వెనిగర్ వాసన కొడుతుంది, మావి అలా లేవు, ఇచ్చేటప్పుడు నువ్వే మూత తీసి "బాగున్నాయి" అన్నావు కదా అన్నాను. టేపు చూపించాను. ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు.

"రెండడుగులే కదా సార్ పోయింది. ఆ ముసలామె ముగ్గు రీల్లో కూడా ఉంది కదా."

రెండడుగులంటే ఎనిమిది సెకన్లు. లెక్క కరెక్టే చెప్పాడు మహానుభావుడు. ఏదో ఒకటి అనాల్సింది. చేతులు వణికాయి, వచ్చేశాను. ఆ డబ్బులు కూడా అడగలేదు, అదింకో తెలివి. కింద పార్కింగ్‌కి ముప్పై రూపాయలు కట్టి మరీ వచ్చాను.

మీ దగ్గర రీళ్లుంటే వాళ్ల మెషిన్‌ని మీ కళ్లతో చూసి ఇవ్వండి. ఒక్కో ఫ్రేమునీ స్కాన్ చేసేది ఉండాలి, ప్రొజెక్టర్, గోడ కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. ముందు అంత ముఖ్యం కాని రీలు ఒక్కటే ఇవ్వండి. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి.

అమ్మకి కాలిపోయిందని చెప్పలేదు, ఆ ముక్క ఇంకా రాలేదన్నాను. ఆ టేపు కూడా పీకలేదు. దాంతో పాటు కొంగు ఫ్రేము కూడా ఊడొస్తుందేమోనని భయం.